హెచ్ఐవీ టీకాను బ్యాక్టీరియా మోసుకెళ్తే... గుమ్మం దగ్గరి కాపలాలో అసలు చిక్కెక్కడ?

2013లో ఇజ్రాయెల్ దక్షిణ ప్రాంతపు మురుగునీటిలో పోలియో వైరస్ బయటపడింది. నెలలు గడిచినా నమూనాల్లో కనిపిస్తూనే ఉంది. ఒక్క బిడ్డకీ పక్షవాతం రాలేదు. అక్కడి పిల్లల్లో అత్యధికులకు టీకా పడి ఉంది మరి. కాకపోతే అది సూదిమందు. రక్తంలో యాంటీబాడీలను పుష్కలంగా పుట్టించి వైరస్‌ను నరాల దాకా పోనివ్వలేదు గానీ, పేగుల్లో దాని ప్రభావం అంతంతే. టీకా పడిన పిల్లల పేగుల్లోనే వైరస్ పెరిగి, మలంతో బయటికొచ్చి, ఇంకో బిడ్డ నోటికి చేరుతూ పోయింది. చివరికి ఆ ఏడాది ఆగస్టు నుంచి లక్షల మంది పిల్లలకు మళ్లీ చుక్కల మందు వేయాల్సి వచ్చింది.

హెచ్ఐవీ గురించి చెబుతానని పోలియోతో మొదలుపెట్టడానికి కారణముంది. టీకా పనిచేసిందా లేదా అని అందరం అడుగుతాం. ఒంట్లో ఎక్కడ పనిచేసిందని అడిగేవాళ్లు తక్కువ. పోలియోలో ఆ తేడా వచ్చినా బిడ్డ క్షేమంగానే ఉంటుంది. హెచ్ఐవీలో అలా కుదరదు. లోపలికి చేరిన వైరస్ తన జన్యువులను మన కణాల డీఎన్ఏలో కలిపేసుకుంటుంది. ఆ తర్వాత రక్తంలో ఎంత సైన్యం ఉన్నా దాన్ని పూర్తిగా ఏరిపారేయలేదు. అందుకే వైరస్‌ను గుమ్మం దగ్గరే ఆపాలన్న ఆలోచన, ఆ కాపలాను బ్యాక్టీరియా చేత పెట్టిద్దామన్న ఆలోచన పుట్టాయి. ‘మంచి బ్యాక్టీరియాతో ఎయిడ్స్‌కు టీకా’ తరహా శీర్షికల వెనకున్నది ఇదే. శీర్షిక ఒకటే గానీ, దాని కింద చెప్పే సంగతులు మాత్రం ఒకటి కావు.

గుమ్మం అంటే ఏది?

ఒంటికి బయటి గోడ చర్మం. లోపలి గోడ శ్లేష్మ పొర. నోరు, ముక్కు, పేగులు, మలద్వారం, జననాంగాలు, అన్నింటికీ అదే అస్తరు. చర్మంలా అది మందంగా ఉండదు. పేగులోనైతే ఒకే ఒక్క కణం మందం. ఆహారం పీల్చుకోవాలి కాబట్టి అంతకన్నా మందంగా ఉంటే పని జరగదు. యోనిలో కణాలు చాలా వరసలుగా పేర్చి ఉంటాయి. సంక్రమణ అంకెల్లో ఈ తేడా ఛాయ కనబడుతుంది. హెచ్ఐవీ ఉండి మందులు వాడని భాగస్వామితో యోని ద్వారా కలిస్తే స్త్రీకి సోకే అవకాశం సగటున 10,000 కలయికలకు 8 అని అంచనా. మలద్వారం ద్వారానైతే స్వీకరించే వ్యక్తికి అది 138. దీనికి పొర మందం ఒక్కటే కారణం కాదు. పేగు గోడ వెనక హెచ్ఐవీకి కావాల్సిన కణాలు కిక్కిరిసి ఉండటం మరో కారణం.

ఆ కణాల పేరు సీడీ4 టీ కణాలు. రోగనిరోధక వ్యవస్థలో మిగతా కణాలకు ఆదేశాలిచ్చే పని వీటిది. హెచ్ఐవీ లోపలికి దూరడానికి సీడీ4 అనే గొళ్లేనికి తోడు సీసీఆర్5 అనే రెండో గొళ్లెమూ కావాలి. ఈ రెండూ ఉండి, చురుగ్గా ఉన్న కణాలు ఎక్కువగా ఉండేది రక్తంలో కాదు, పేగు గోడలో. ఒంట్లోకి ఏ దారిన వచ్చినా కొద్ది వారాల్లోనే పేగు గోడలోని ఈ కణాలను వైరస్ ఊడ్చేస్తుందని మొదట కోతుల్లో, తర్వాత మనుషుల్లో తేలింది.

ఆశ కలిగించే సంగతీ ఒకటుంది. స్త్రీపురుషుల మధ్య జరిగే సంక్రమణల్లో దాదాపు 80 శాతం కేసుల్లో ఒంట్లోని వైరస్ వంశమంతా ఒకే ఒక్క వైరస్ నుంచి పుట్టినట్టు జన్యు పరీక్షల్లో తెలిసింది. వచ్చిన గుంపులో గుమ్మం దాటేది ఒకటో రెండో అన్నమాట. దాటినవి మొదటి కొన్ని రోజులు అక్కడే చిన్న గూడు కట్టుకుని పెరుగుతాయి, ఆ తర్వాతే ఒళ్లంతా పాకుతాయి. వైరస్ ఇంత బలహీనంగా ఉండే ఘడియ మళ్లీ రాదు. గుమ్మం కాపలా మీద ఆశలన్నీ ఈ కొద్ది రోజుల మీదే.

చేతులు అవే, ఒళ్లు వేరు

శ్లేష్మ పొరల సొంత యాంటీబాడీ పేరు ఐజీఏ. మన ఒళ్లు రోజూ తయారుచేసే యాంటీబాడీల్లో సగానికి పైగా ఇదే, గ్రాముల లెక్కలో. రక్తంలో ఎక్కువుండేది ఐజీజీ. అది వై ఆకారంలో ఒంటరిగా తిరుగుతుంది. శ్లేష్మ పొరల్లోని ఐజీఏ జంటగా ఉంటుంది, రెండు వైలను తోకల దగ్గర ముడేసినట్టు. గోడలోని కణం ఈ జంటను వెనకవైపు నుంచి పట్టుకుని, తన గుండా మోసి ముందువైపు వదులుతుంది. వదిలేటప్పుడు పట్టుకున్న గొళ్లెంలో ఒక ముక్కను దానికే తొడిగి పంపుతుంది. పేగులోని ఎంజైములు యాంటీబాడీని జీర్ణం చేసేయకుండా ఆ ముక్క కవచమవుతుంది.

ఆకారంలో తేడా వస్తే పనిలోనూ తేడా వస్తుందా? 2013లో రీసస్ కోతుల మీద దీన్ని సూటిగా పరీక్షించారు. వైరస్‌ను పట్టుకునే కొస అన్నింటిలోనూ ఒకటే. ఒళ్లు మాత్రం మూడు రకాలు: ఐజీజీ, ఐజీఏ1 జంట, ఐజీఏ2 జంట. వాటిని నేరుగా కోతుల మలాశయంలో ఉంచి, తర్వాత అదే దారిలో వైరస్ ఎక్కించారు. ఐజీజీ ఇచ్చిన 6 కోతుల్లో 2 తప్పించుకున్నాయి. ఐజీఏ2తో 6లో 1. ఐజీఏ1తో 6లో 5. ఐజీఏ1 చేతులు బారుగా చాచి ఉంటాయి కాబట్టి ఎక్కువ వైరస్‌లను ఒకచోట కట్టిపడేసి ఉంటుందని వివరణ ఇచ్చారు.

అలాగని ఐజీఏ అంటే చాలు, గెలిచినట్టే అనుకోకూడదు. థాయ్‌లాండ్‌లో 16,000 మందికి పైగా పాల్గొన్న ఆర్‌వీ144 ప్రయోగం ఫలితాలు 2009లో వచ్చాయి. రక్షణ 31 శాతం. హెచ్ఐవీ టీకాల్లో మనుషుల మీద ఎంతో కొంత రక్షణ చూపింది ఇదొక్కటే. అందులో రక్తంలోని ఐజీఏ ఎక్కువున్నవారికే సోకే అవకాశం ఎక్కువని లెక్కల్లో తేలింది. రక్తంలో తిరిగే ఐజీఏ వేరు, పొర మీద కాపలా కాసే ఐజీఏ వేరు. పేరొకటే కావడం వల్ల ఈ రెంటినీ కలిపి చదివి తికమక పడేవాళ్లు నిపుణుల్లోనూ ఉన్నారు.

పేగు దేన్ని పట్టించుకుంటుంది?

సరే, చేతికి సూది గుచ్చితే గుమ్మం దగ్గరికి కాపలా సరిగ్గా రావట్లేదు. టీకా పదార్థాన్ని మింగిస్తే పోదా? పోదు. మింగిన ప్రొటీన్‌ను పేగు ఆహారమనే అనుకుంటుంది. పరాయి ప్రొటీన్ కనపడ్డ ప్రతిసారీ యుద్ధానికి దిగితే మనం ఏ పూటా తినలేం కాబట్టి, పేగుకు పుట్టుకతో వచ్చిన అలవాటు ఊరుకోవడం. దీన్నే సహనం అంటారు.

ఆ అలవాటును భగ్నం చేసేది ప్రమాద సంకేతం. బ్యాక్టీరియా దగ్గర అవి బోలెడు: పైపొరలోని కొవ్వు అణువులు, ఈదడానికి వాడే తోకలోని ఫ్లాజెలిన్ ప్రొటీన్, సొంత డీఎన్ఏ ముక్కలు. వీటిని గుర్తుపట్టే పరికరాలు మన కణాలకు పుట్టుకతోనే ఉన్నాయి. పైగా పేగు గోడలో అక్కడక్కడా ఎమ్ కణాలు అనేవి ఉంటాయి. బయట తిరిగే సూక్ష్మజీవులను పట్టి లోపలి రోగనిరోధక కణాల ముందు పడేయడమే వీటి పని. కొన్ని బ్యాక్టీరియాలకు ఈ దారి బాగా తెలుసు. టైఫాయిడ్ కలిగించే సాల్మొనెల్లా లోపలికి దూరేది ఇక్కడి నుంచే.

సాల్మొనెల్లాను బలహీనపరిచి తయారుచేసిన టీవై21ఏ అనే నోటి టీకా టైఫాయిడ్‌కు 1980ల నుంచీ వాడుకలో ఉంది. అంటే బతికున్న బ్యాక్టీరియాను మింగించి పేగులో రక్షణ పుట్టించడం పగటికల కాదు. టైఫాయిడ్ స్థానంలో హెచ్ఐవీ ముక్కను పెడితే? ఇక్కడి నుంచే అసలు కథ.

ఒకే పేరు, మూడు పనులు

‘బ్యాక్టీరియా టీకా’ అన్న మాటతో పరిశోధకులు కనీసం మూడు వేర్వేరు పనుల గురించి మాట్లాడుతుంటారు. గందరగోళంలో సగం ఇక్కడే పుడుతుంది.

మొదటిది మోత పని. బ్యాక్టీరియాలో హెచ్ఐవీ జన్యువొకటి చేరుస్తారు. అది ఆ ప్రొటీన్‌ను తయారుచేసి, తనతో పాటు రోగనిరోధక కణాలకు చూపిస్తుంది. సాల్మొనెల్లా, లిస్టీరియా, పాలను పులియబెట్టే లాక్టోకాకస్, క్షయ టీకాగా 1921లో తొలిసారి ఇచ్చిన బీసీజీ, అన్నింటినీ ఈ పనికి ప్రయత్నించారు. బీసీజీలో హెచ్ఐవీ జన్యువులు చేర్చిన తొలి ప్రయోగాలు 1991 నాటికే ప్రచురితమయ్యాయి. పూర్తి వైరస్ ఇందులో ఎక్కడా ఉండదు, కాబట్టి ఈ టీకా వల్ల హెచ్ఐవీ సోకే ప్రశ్నే లేదు.

రెండోది గంట మోగించే పని, లేదా గంటను ఆపే పని. టీకా పదార్థం వేరుగా ఉంటుంది, బ్యాక్టీరియాను పక్కన కలిపి ఇస్తారు. రోగనిరోధక వ్యవస్థ ఎలా స్పందించాలో తేల్చేది ఆ తోడు. దీని సంగతి కాస్త ముందుకెళ్లాక.

మూడోదాన్ని టీకా అనడం నా ఉద్దేశంలో తప్పే, కానీ అదే పేరుతో వార్తల్లోకి వస్తుంది. యోనిలో సహజంగా ఉండే లాక్టోబాసిల్లస్ జెన్సీనీకి హెచ్ఐవీని అడ్డుకునే సయనోవిరిన్ అనే ప్రొటీన్‌ను స్రవించేలా జన్యువు అమర్చి, అక్కడే కాపురం పెట్టిస్తారు. 2011లో వచ్చిన కోతుల ప్రయోగంలో ఇది సంక్రమణను 63 శాతం తగ్గించింది. ఒంటికి ఇది నేర్పేదేమీ లేదు. బ్యాక్టీరియా పోతే రక్షణా పోతుంది. దీన్ని ఊరే మందు అనొచ్చు.

మోయించాల్సిందేమిటి?

హెచ్ఐవీ పైన మేకుల్లా పొడుచుకొచ్చే ప్రొటీన్ ఎన్వెలప్. యాంటీబాడీ పట్టుకోవాల్సింది దాన్నే. ఆ మేకు బయటి భాగం బరువులో దాదాపు సగం చక్కెర అణువులు. వైరస్ మన కణంలో పుడుతుంది కాబట్టి ఆ చక్కెరలూ మన కణాలు తొడిగినవే. అందుకే యాంటీబాడీలు వాటిని సొంతవిగా చూసి వదిలేస్తాయి. బ్యాక్టీరియాకు ఈ చక్కెరలు తొడిగే యంత్రాంగం లేదు. దాని చేత ఎన్వెలప్ చేయిస్తే బట్టల్లేని, మడతలు సరిగా పడని బొమ్మ వస్తుంది. ఆ బొమ్మను చూసి నేర్చుకున్న యాంటీబాడీ అసలు వైరస్‌ను ఎదురుగా చూసినా గుర్తుపట్టలేకపోవచ్చు.

అందుకే చాలామంది వైరస్ లోపలి గాగ్ ప్రొటీన్ వైపు మళ్లారు. దానికి చక్కెర కోటు అక్కర్లేదు. కానీ అది లోపలి వస్తువు కాబట్టి దాని మీద పుట్టిన యాంటీబాడీలు వైరస్‌ను ఆపలేవు. సోకిన కణాలను చంపే టీ కణాలు మాత్రం పుడతాయి. అంటే గుమ్మం దగ్గర ఆపే పని వదిలేసి, దాటి వచ్చినవాణ్ని వెంటనే పట్టే పనికి దిగడం. ఇంకో దారి, బ్యాక్టీరియా చేత ప్రొటీన్ కాకుండా డీఎన్ఏ మోయించి మన కణాల చేతే ఎన్వెలప్ చేయించడం. కాగితం మీద అందంగానే ఉంటుంది గానీ, బ్యాక్టీరియా దించిన డీఎన్ఏలో మన కణం కేంద్రకం దాకా చేరేది బహు తక్కువ.

మనుషుల్లో చేసిన ఒక ప్రయోగం గురించి చెప్పాలి. సాల్మొనెల్లాకు నిజంగానే సిరంజిలాంటి నిర్మాణం ఒకటుంది, దానితో తన ప్రొటీన్లను మన కణాల్లోకి గుచ్చుతుంది. ఆ సిరంజిలో గాగ్ ముక్కను నింపి, బలహీనపరిచిన సాల్మొనెల్లాను 18 మంది ఆరోగ్యవంతుల చేత తాగించారు. ఫలితాలు 2006లో వచ్చాయి. చాలామందిలో సాల్మొనెల్లా మీద చక్కటి స్పందన కనిపించింది. గాగ్ మీద స్పందన నామమాత్రం. మోసుకొచ్చినవాణ్ని ఒళ్లు గుర్తుపెట్టుకుంది, మూటను పట్టించుకోలేదు. రెండోసారి ఇస్తే ఇబ్బంది ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే ఈసారి మోతగాడు దిగేలోపే యాంటీబాడీలు ఎదురొస్తాయి.

ఇక్కడ మింగితే అక్కడ పనిచేస్తుందా?

శ్లేష్మ పొరలన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయని చాలాచోట్ల చదువుతాం. సగమే నిజం. పేగులో పాఠం నేర్చుకున్న కణానికి అక్కడి కణాలు విటమిన్ ఏ నుంచి తయారుచేసిన ఒక ఆమ్లంతో చిరునామా రాసి పంపుతాయి. దాంతో ఆ కణం మీద ఆల్ఫా4బీటా7 అనే గుర్తు మొలుస్తుంది. రక్తంలో తిరిగి తిరిగి మళ్లీ పేగుకే చేరడం దాని వల్లే. జననాంగాలకు అదే చిరునామా నప్పదు. కాబట్టి నోటి టీకా పేగులో కాపలా పెడుతుంది, యోనిలో పెట్టడం అంత ఖాయం కాదు. జననాంగాల్లో ఐజీఏ పుట్టించడంలో ముక్కు దారే మెరుగని జంతువుల్లోనూ, కొంతమేర మనుషుల్లోనూ తేలింది.

ముక్కు దారికీ ఒక చేదు జ్ఞాపకం ఉంది. 2000–01లో స్విట్జర్లాండ్‌లో ముక్కులో కొట్టే ఫ్లూ టీకా ఒకటి వచ్చింది. అందులో గంట మోగించడానికి ఈ.కోలై బ్యాక్టీరియా విషప్రొటీన్‌ను కలిపారు. వేయించుకున్నవారిలో కొందరికి ముఖం ఒకవైపు వాలిపోయింది. టీకాను ఉపసంహరించారు.

కాపలావాళ్లే దొంగకు కావాల్సినవాళ్లయితే

నన్నడిగితే మొత్తం విషయంలో కీలకం ఇది. మిగతావన్నీ ఇంజినీరింగ్ ఇబ్బందులు. ఇది మౌలికమైన మెలిక.

ఏ టీకా అయినా చేసేది కణాలను మేల్కొల్పి రంగంలోకి దింపడం. మేల్కొన్న సీడీ4 కణాలే హెచ్ఐవీకి ఇష్టమైన ఆహారం. పేగుకు చిరునామా రాసుకున్న ఆల్ఫా4బీటా7 కణాలకైతే వైరస్ ఇంకా సులువుగా అతుక్కుంటుంది. గంట గట్టిగా మోగిస్తే కాపలావాళ్లు గుంపుగా గుమ్మం దగ్గరికి వస్తారు. దొంగ వచ్చింది వాళ్ల కోసమే.

ఊహకు ఒక లెక్క వేద్దాం, అంకెలు కల్పితం. టీకా లేనప్పుడు 100 సంక్రమణలు జరిగేవనుకోండి. టీకా పుట్టించిన యాంటీబాడీలు 60 ఆపాయి, మిగిలింది 40. అదే టీకా గుమ్మం దగ్గర లక్ష్య కణాలను రెట్టింపు చేసి, మిగిలిన ప్రయత్నాల విజయావకాశాన్ని కూడా రెట్టింపు చేస్తే 40 కాస్తా 80 అవుతుంది. యాంటీబాడీ పరీక్షలో 60 శాతం కనిపించిన టీకా, మనుషుల్లో 20 శాతం దగ్గర నిలబడుతుంది. కణాలు మూడు రెట్లయితే 120. టీకా లేకపోవడమే నయం.

ఇది వట్టి లెక్క కాదనడానికి 2007 నాటి స్టెప్ ప్రయోగం గుర్తుచేస్తారు. జలుబు తెప్పించే అడెనోవైరస్‌ను వాహకంగా వాడి చేసిన ఆ హెచ్ఐవీ టీకా ప్రయోగం మధ్యలోనే ఆగిపోయింది. టీకా తీసుకున్న పురుషుల్లో కొన్ని వర్గాలకు హెచ్ఐవీ ఎక్కువగా సోకింది. ఆ అడెనోవైరస్‌ను ముందే ఎరిగిన సీడీ4 కణాలు మేల్కొని శ్లేష్మ పొరలకు చేరడమే కారణమని ఒక వాదన. ఆధారాలు చాలవని మరో వాదన. ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు.

24లో 23

మేల్కొల్పడమే ప్రమాదమైతే, నిద్రపుచ్చితే? ఫ్రాన్స్‌కు చెందిన జాన్-మరీ ఆండ్రియూ, వై లూ బృందం పట్టుకున్న తీగ ఇదే. నిర్జీవం చేసిన ఎస్ఐవీని (కోతుల్లో హెచ్ఐవీకి బంధువు) బీసీజీతో గానీ, లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ లాంటి నిరపాయమైన బ్యాక్టీరియాతో గానీ కలిపి కోతుల కడుపులోకి పంపారు. 2014 నివేదిక ప్రకారం తర్వాత మలాశయం ద్వారా పెద్ద మోతాదులో వైరస్ ఎక్కిస్తే, 24 కోతుల్లో 23కు సోకలేదు. టీకా ఇవ్వని 24కూ సోకింది.

వింత ఏమంటే, ఆ కోతుల్లో యాంటీబాడీలూ లేవు, చంపే టీ కణాలూ లేవు. ఎస్ఐవీ దూరిన సీడీ4 కణాలు మేల్కొనకుండా అణిచిపెట్టే ఒక రకం సీడీ8 కణాలు (ఇవీ టీ కణాల్లో ఓ తరహావే) కనిపించాయని బృందం చెప్పింది. నిద్రలో ఉన్న కణంలో వైరస్ తన జన్యువును నకలు చేసుకోలేదు, ఉన్నచోటే ఎండిపోతుంది. పేగుకున్న సహనమనే అలవాటును శత్రువుగా చూడకుండా ఆయుధంగా వాడుకోవడం ఇది. బ్యాక్టీరియా ఇక్కడ గంట మోగించట్లేదు, గంట నాలుకను పట్టుకుంటోంది.

మెచ్చుకునేవారు ఆ అంకెను చూపిస్తారు. దశాబ్దాలుగా దారి మారని రంగంలో ఇలాంటి కొత్త చూపు కావాలంటారు. సందేహించేవారి ప్రశ్నలూ తేలికవి కావు. వాడినవి చైనా మూలపు రీసస్ కోతులు, ఇవి ఎస్ఐవీని తట్టుకోవడంలో భారత మూలపు రీసస్‌లకన్నా మెరుగని పేరు. అనుబంధంలేని ప్రయోగశాలల్లో ఇంత పెద్ద ఫలితం నిలబడితేనే నమ్మకం కుదురుతుంది. పైగా మనిషిలో ఒక వైరస్ పట్ల సహనం నేర్పి, అది పొరపాటున లోపల కుదురుకుంటే ఆపేదెవరు? నాకు ఆ ఆలోచన ఆకర్షణీయంగా ఉంది, ఆ అంకె మాత్రం అనుమానంగానే ఉంది. 24లో 23 అన్నది జీవశాస్త్రం మామూలుగా ఇచ్చే జవాబులా లేదు.

పేగులో ముందే ఉన్న జనాభా

కొత్త బ్యాక్టీరియాను పంపే చోటు ఖాళీ ఇల్లు కాదు. అక్కడ లక్షల కోట్ల బ్యాక్టీరియా కాపురముంది. 2013లో ఫలించక ఆగిన హెచ్‌వీటీఎన్ 505 అనే హెచ్ఐవీ టీకా ప్రయోగం రక్తనమూనాలను పరిశీలించినప్పుడు ఒక విషయం తేలింది. టీకా పుట్టించిన యాంటీబాడీల్లో ఎక్కువ భాగం హెచ్ఐవీని అడ్డుకోలేనివి, పైగా అవి పేగు బ్యాక్టీరియాకూ అతుక్కునేవి. టీకాకు ముందు నుంచే పేగు బ్యాక్టీరియాతో పరిచయమున్న కణాలే కొంచెం పోలిక కనబడగానే ముందుకు దూకాయని 2015లో వివరించారు. అది సూదిమందు టీకా. బ్యాక్టీరియా మీదే ఎక్కించి పంపితే ఈ పాత పరిచయాలు ఇంకెంత అడ్డొస్తాయన్నది తేలాల్సిన ప్రశ్న.

జననాంగాల్లోనూ అంతే. దక్షిణాఫ్రికా యువతుల మీద 2017లో వచ్చిన అధ్యయనంలో, లాక్టోబాసిల్లస్ తగ్గి రకరకాల బ్యాక్టీరియా పెరిగినవారికి హెచ్ఐవీ సోకే అవకాశం నాలుగు రెట్లకు పైగా కనిపించింది. అలాంటి చోట మంట ఎక్కువ, మేల్కొన్న సీడీ4 కణాలూ ఎక్కువ.

బతికున్న టీకా అంటే

బలహీనపరిచినా అది ప్రాణి. పుట్టుకతో హెచ్ఐవీ ఉన్న శిశువుల్లో మామూలు బీసీజీయే ఒళ్లంతా పాకి ప్రాణం మీదికి తెచ్చిన కేసులున్నాయి. అందుకే హెచ్ఐవీ ఉందని తేలిన శిశువులకు అది ఇవ్వొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పింది. హెచ్ఐవీ ఎక్కువున్న చోట్లకే ఈ టీకాలు కావాలి, అక్కడే రోగనిరోధక శక్తి తగ్గినవారూ ఎక్కువ. జన్యుమార్పిడి బ్యాక్టీరియా మలంతో బయటికి పోవడం ఇంకో భయం. దానికి ఓ తెలివైన విరుగుడు ఉంది. పేగుల్లో వాపు తెచ్చే క్రోన్స్ వ్యాధికి తయారుచేసిన లాక్టోకాకస్‌లో, బతకడానికి కావాల్సిన థైమిడిన్‌ను తయారుచేసే జన్యువును తీసేసి, ఆ స్థానంలోనే మందు ప్రొటీన్ జన్యువును పెట్టారు. థైమిడిన్ దొరకని చోట అది చచ్చిపోతుంది.

ఇక ఎలా పరీక్షిస్తారు?

2024లో వెలువడిన పర్పస్ 1 ప్రయోగంలో ఆరు నెలలకోసారి లెనకపవిర్ సూది వేయించుకున్న 2,134 మంది మహిళల్లో ఒక్కరికీ హెచ్ఐవీ సోకలేదు. అది టీకా కాదు, మందు. దాని ప్రభావం తీరితే రక్షణ తీరుతుంది. కానీ అలాంటిది చేతిలో ఉండగా వేలమందికి ఉత్తుత్తి టీకా ఇచ్చి ఎవరికి సోకుతుందో చూద్దామనడం ఇక నైతికంగా కష్టం. పెద్ద ప్రయోగాల దారి ఇరుకైంది.

మిగిలింది చిన్న ప్రయోగాలు. కొద్దిమందికి టీకా ఇచ్చి, గుమ్మం దగ్గర ఏం జరిగిందో కొలవడం. చిటికెన వేలి గోరంత స్పాంజిని గర్భాశయ ముఖం దగ్గర కొన్ని నిమిషాలు ఉంచి, పీల్చిన ద్రవాన్ని పిండి, అందులో ఐజీఏ ఎంతుందో చూస్తారు. అక్కడి ఐజీఏ నెలసరి చక్రంలో రోజును బట్టి పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, కాస్త రక్తం కలిస్తే లెక్కంతా మారిపోతుంది. అందుకే ఒకే మహిళ నుంచి, ఒకే టీకా తర్వాత, రెండు వారాల తేడాతో తీసిన రెండు స్పాంజిలు రెండు రకాల జవాబులు చెప్పగలవు.